రెండో రసీదు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. మాస్టారికి ఆ తేదీ తిన్న తిండితో సహా గుర్తుంది. రొట్టె, చెరో ఉడికించిన గుడ్డు, మచ్చలు పడ్డ అరటిపండు ఒకటి. పండుని చెల్లెలు చాకుతో రెండుగా కోసి, మచ్చలు తక్కువున్న సగాన్ని ఏమీ ఎరగనట్టు ఆయన వైపు జరిపింది. ఆయన చూసీ చూడనట్టు తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే షాపు తలుపు మీది గంట మోగింది.

ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. బూట్ల షాపు ఆయనది. కాలేజీ చదువు చదివారనీ, కాలు కొలుస్తూ పాఠం చెప్పినట్టు మాట్లాడతారనీ వీధిలోవాళ్ళు పెట్టిన పేరది. చెల్లెలు వెనక గదిలో కూర్చుని పాత బూట్లు కుడుతుంది, అడుగులు మారుస్తుంది. అన్న మాటలకి అత్తరు పూసే పనో, కత్తెర వేసే పనో కూడా తనదే అనుకుంటుంది.

లోపలికి వచ్చినావిడ ఆస్పత్రిలో నర్సు. చేతిలో అట్టపెట్టె. పది రోజుల కిందట ఇక్కడే కాళ్ళు కొలిపించుకుంది. మాస్టారు ఎవరి కాళ్ళూ కూర్చోబెట్టి కొలవరు. నిలబెట్టి, ఒంటి బరువు పాదం మీద పడనిచ్చి, కొలపలక అంచుకి మడమ ఆనించి చూస్తారు. రెండు కాళ్ళూ విడివిడిగా. తర్వాత అట్టముక్క మీద నిలబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీస్తారు. ఆవిడ ఎడమ పాదం కుడి దానికంటే అర సైజు పెద్దది. బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకు వచ్చింది. ఆ రోజు ఆరు జతలు వేసి చూసింది. అంత వెడల్పువి షాపులో లేవు. తెప్పించాలంటే ఆరు వారాలన్నారు మాస్టారు. ఆవిడ గీత గీసిన అట్టని ఫోనులో ఫొటో తీసుకుని, ఆలోచిస్తానని వెళ్ళిపోయింది.

ఇప్పుడు పెట్టె మూత తీసింది. కొత్త తెల్ల బూట్లు.

"ఎడమ కాలికి ఇక్కడ పట్టేస్తోందండీ. కొంచెం వదులు చేస్తారేమోనని."

ఎక్కడ కొన్నారని ఆయన అడగలేదు. పెట్టెకి అంటించిన టేపే చెప్పింది.

"పార్సిల్ తెచ్చినతను చెయ్యడా ఈ పని?" అన్నారు.

లోపలి గదిలో చెల్లెలు దగ్గింది. నోరు జాగ్రత్త అని ఆ దగ్గుకి అర్థం.

నర్సు ముఖం ఎర్రబడింది. "ఎంతవుతుందో చెప్పండి, ఇచ్చేస్తాను."

"కొలిచినందుకు ఏమీ తీసుకోలేదు కదమ్మా. దీనికీ వద్దులెండి. పన్ను లేకుండా కొనుక్కునేవాళ్ళకి మా షాపు ఇచ్చే కానుక అనుకోండి."

ఆవిడ ఏదో చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. శనివారం వచ్చి తీసుకుంటానని, పక్కలు విచ్చిన పాత బూట్లతోనే వెళ్ళిపోయింది. గంట మోగింది. ఈమధ్య ఆ గంట మనుషులు వచ్చినప్పటికంటే ఉత్త చేతులతో వెళ్ళేటప్పుడే గట్టిగా మోగుతున్నట్టు ఉంటుంది ఆయనకి.

"మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపావే పాపం," అంది చెల్లెలు.

"నేనన్నదాంట్లో అబద్ధం ఉందా?"

"అబద్ధమని నేనన్నానా? పండు నల్లబడుతోంది, తిను."

తినలేదు. ఎడమ బూటు లోపల నొక్కే చోట చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డతో తడి చేశారు. చెక్క అచ్చుకి ఆ ఎముక ఉన్న చోట చిన్న బుడిపె బిగించి, బూటులోకి దూర్చి, అచ్చుని వెడల్పు చేసే మర అర చుట్టు తిప్పారు. తోలు కిర్రుమంది. ఇక ఇవాళ్టికి చాలు. తోలుని తొందరపెడితే పగులుతుంది. రేపు ఇంకో అర చుట్టు. ఆవిడ మీద కోపం ఉంది. బూటు మీద లేదు.

గోడకి గుచ్చిన ఉత్తరం ఫ్యాను గాలికి ఊగుతోంది. ఆస్పత్రి కొనుగోళ్ళ ఆఫీసు నుంచి వచ్చింది. ఏటా సిబ్బందికి నూట నలభై జతలు ఈ షాపులోనే కొనేవారు. కిందటేడు ఆన్‌లైన్‌లో కొన్నారు. మీ ధరా వాళ్ళ ధరా ఒకటే, తేడా అంతా ఊరి అమ్మకం పన్ను, నూటికి పన్నెండు, మీరు తీసుకుంటారు, వాళ్ళు తీసుకోరు, అంతే అని రాశారు. ఆన్‌లైన్ అమ్మకాలకి కూడా ఆ పన్ను అక్కడికక్కడే వసూలు చేయాలా వద్దా అని శుక్రవారం పురపాలక సంఘంలో బహిరంగ విచారణ ఉంది. చేయాలని తేలితే ఈ ఏడాది జతలన్నీ ఇక్కడే. తేలకపోతే నెలాఖరుకి షాపు ఖాళీ చేస్తానని మాస్టారు అద్దెకిచ్చిన ఇంటివాళ్ళకి మాటిచ్చేశారు. మొన్న ఒకాయన వచ్చి టేపుతో గోడలు కొలుచుకుని కూడా వెళ్ళాడు. ఇన్నాళ్ళూ కొలిచిన చోట నిలబడి కొలిపించుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

సాయంత్రం రంగులాయన వచ్చాడు. మూడు షాపుల అవతల గోడ రంగులు అమ్ముతాడు, వర్తకుల సంఘానికి కార్యదర్శి. గోళ్ళ కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఇవాళ నీలం. భుజం మీద అట్టపెట్టె దింపి, గుండ్రటి బ్యాడ్జీలు గుప్పెడు తీసి బల్ల మీద పోశాడు. వాటి మీద "అందరికీ ఒకే పన్ను" అని ఉంది.

"శుక్రవారం మనవాళ్ళందరూ పెట్టుకోవాలి. మాట్లాడేది మీరే మాస్టారూ. మూడు నిమిషాలిచ్చారు. కాళ్ళ గురించి మొదలుపెట్టకండి, మూడు గంటలవుతుంది."

"నువ్వు మాట్లాడరాదూ?"

"నేను నోరు తెరిస్తే రెండో వాక్యానికి తిట్టు వస్తుంది. మీరైతే తిట్టినా ఆశీర్వాదంలా ఉంటుంది."

పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. చెల్లెలు అట్టపెట్టెలు పారేయదు. పాదాల గీతలు గీయడానికి విప్పి, చదును చేసి దాస్తుంది. ఆ పెట్టెని కూడా బోర్లించి అడుగు టేపు చీల్చింది. లోపల అతుక్కున్న కాగితం ఊడి వచ్చింది. చదివి, అన్న ముందు పెట్టి, తన పీట మీద కూర్చుని సూదికి దారం ఎక్కించుకోసాగింది.

అది బిల్లు. బ్యాడ్జీలు, రెండు వందలు. ఆన్‌లైన్ కంపెనీ పేరు. పన్ను అన్న గడిలో సున్నా.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. సున్నా సున్నాగానే ఉంది.

"నవ్వుకోవచ్చా, నీ ముందు కాదా?" అంది చెల్లెలు.

*

బుధవారం పొద్దున రంగుల షాపులో డబ్బా కలిపే మర గడగడలాడుతోంది. బిల్లు చూసి రంగులాయన ముందు తెల్లబోయాడు. తర్వాత మర ఆపేసి, గొంతు తగ్గించాడు.

"నిజం మాస్టారూ, మనసులోనే లేదు. రాత్రి పక్క మీద పడుకుని ఫోనులో చూశాను, నొక్కాను, అయిపోయింది. వీధి చివర ప్రెస్సు వాడు ఎక్కువ చెప్పాడు, పైన పన్ను ఒకటి. సంఘం డబ్బు కదా, పొదుపు చేద్దామనుకున్నాను."

"పన్ను కట్టమని అడగడానికి పన్ను కట్టని బ్యాడ్జీలు."

"మీరు అలా వరసగా చెబితే చెడ్డగా వినిపిస్తుంది మరి. ఆ కాగితం ఇలా ఇవ్వండి, చింపేస్తాను. మన ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు."

"మా చెల్లెలికి తెలుసు."

"అయితే ఊరంతా తెలిసినట్టే," అని తల పట్టుకున్నాడు. గోళ్ళ నీలం నుదుటికి అంటుకుంది.

మాస్టారికి నవ్వు వచ్చింది. నవ్వుతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. ఈ మనిషి ఏడాదిగా ఈ పన్ను కోసం ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగు చేశాడు. ఇతనికే వేలు ఆగలేదు.

బిల్లు అడుగున చీమల్లాంటి అక్షరాలు ఉన్నాయి. దుమ్ము పట్టిన షాపు అద్దం దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి పట్టి చదివారు. మీ ఊళ్ళో అమ్మకం పన్ను ఉన్నట్టయితే దానిని కొనుగోలుదారే స్వయంగా చెల్లించుకోవలెను.

"ఇది ఎప్పుడైనా చదివావా?"

"అంత చిన్నగా రాసింది చదవడానికి కాదు కదండీ."

"నేను చదివాను కదా ఇప్పుడు," అని మాస్టారు బిల్లుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

*

గురువారం పన్నుల ఆఫీసులో నాలుగో కౌంటరు గుమాస్తా ఆయన చెప్పింది రెండుసార్లు విని, "ఏం కడతామంటున్నారు?" అని మూడోసారి అడిగాడు.

"ఆన్‌లైన్‌లో కొన్నదానికి అమ్మకం పన్ను."

"మీరే అమ్మారా?"

"కాదు బాబూ, మేం కొన్నాం."

గుమాస్తా ముఖంలో ఏదో వెలిగింది. "మళ్ళీనా," అని లేచి, పంచింగ్ మిషను కింద నుంచి ఒక రసీదు పుస్తకం లాగాడు. అట్ట మీద దుమ్ము సగం వరకే ఉంది. మిగతా సగాన్ని ఎవరిదో అరచెయ్యి ఈమధ్యే తుడిచింది.

"పదకొండేళ్ళయిందండీ ఇది అచ్చు వేయించి. వంద రసీదులు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు దీని మీద టీ కప్పు పెట్టుకునేవాణ్ణి. కిందటి శుక్రవారం మొదటిది చిరిగింది. దరఖాస్తు కాగితం వెతకడానికే రెండు పూటలు పట్టింది. మీ అదృష్టం, ఇప్పుడు ఎక్కడుందో తెలుసు."

కట్టాల్సింది రెండు కాఫీల డబ్బు. గుమాస్తా పుస్తకం తెరిచి, రెండో చీటీ రాసి, పుస్తకంలో మిగిలే సగం మీద సంతకం పెట్టమన్నాడు. మాస్టారు పెన్ను అందుకుని వంగారు. దాని పైనే ఉన్న మొదటి రసీదు సగం కంట పడింది. నీలి సిరా, గుండ్రటి అక్షరాలు, ఏడో తేదీ. కొన్న వస్తువు: తెల్ల బూట్లు, ఒక జత, అదనపు వెడల్పు.

పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"ఆవిడ ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చారండీ," అన్నాడు గుమాస్తా. "నైట్ డ్యూటీ దిగి. మొదటి రోజు కాగితం దొరకలేదు, రేపు రమ్మన్నాను. ఆ బెంచీ మీద కూర్చునే నిద్రపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. సంతకం చెయ్యండి."

చేశారు. కళ్ళజోడు లేకుండా చేసినట్టు వంకరగా వచ్చింది సంతకం. పార్సిల్ తెచ్చినతను చెయ్యడా ఈ పని, అన్న మాట తన గొంతుతోనే చెవిలో వినిపించింది. ఆవిడ నోరు తెరిచి మూసుకున్నది గుర్తుకొచ్చింది. కట్టానండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క క్షణం. ఆ క్షణం కూడా తను ఇవ్వలేదు.

షాపుకి వచ్చి బూటులో మర ఇంకో అర చుట్టు తిప్పారు.

"ఏమైంది?" అంది చెల్లెలు. చెప్పారు. ఆవిడ దారం కొరికి తెంపింది. "ఇప్పుడు మంచినీళ్ళు ఇస్తావులే," అంది చివరికి. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నానికి సభ హాలు నిండిపోయింది. వేదిక మీద తొమ్మిది మంది సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ఆవిడ చేతిలో చిన్న గడియారం. ఒక పక్క బ్యాడ్జీలతో వర్తకులు. ఇంకో పక్క ఆన్‌లైన్ కంపెనీల తరఫు లాయరు. చక్కటి మనిషి, చక్కటి గొంతు. వెనక వరసల్లో ఊళ్ళోవాళ్ళు. చివరి వరసలో, తలుపు దగ్గర, డ్యూటీ బట్టల్లోనే నర్సు కూర్చుని ఉంది. కాళ్ళకి పక్కలు విచ్చిన పాత బూట్లు.

లాయరు మూడు నిమిషాల్లో ఒక్క సెకను వృథా చేయలేదు. "ఇది కొత్త పన్ను. షాపులవాళ్ళకి గిరాకీ తగ్గింది కాబట్టి ఇంట్లో కూర్చుని కొనుక్కునే మామూలు మనుషుల మీద వేయమంటున్నారు. నడవలేనివాళ్ళు, డ్యూటీలు చేసేవాళ్ళు, వీళ్ళేనా మీకు దొరికింది?" అన్నాడు. వెనక వరసల్లో చాలామంది చప్పట్లు కొట్టారు. వేదిక మీద ఇద్దరు తలలూపారు.

"బూట్ల షాపు వారు," అని పిలిచారు.

మాస్టారు మైకు దగ్గరికి వెళ్ళి, రాసుకొచ్చిన కాగితం తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. చొక్కాకున్న బ్యాడ్జీ విప్పి, ముందున్న బల్ల మీద పెట్టారు.

"ముందు దీని సంగతి చెప్పాలండీ. ఇది మా సంఘం ఆన్‌లైన్‌లో కొంది. పన్ను కట్టకుండా."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాయరు పెన్ను కింద పెట్టి, కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు. రంగులాయన తన గోళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు.

"మా వీధి చివర ప్రెస్సు ఉంది. అక్కడ కొనాల్సింది. మావాళ్ళలో ఎవరూ దొంగలు కారు. పడుకుని ఫోను నొక్కాం, అంతే. పన్ను కోసం ఏడాదిగా పోట్లాడుతున్న మేమే కట్టడం మరిచిపోయాం. అలాంటప్పుడు కట్టలేదని కొనేవాళ్ళని అనడానికి మాకు నోరెక్కడిది? నేను అన్నాను. మంగళవారం మా షాపుకి వచ్చినవాళ్ళని అన్నాను. అది నా తప్పు."

ఆయన వెనక వరస వైపు చూడలేదు. రసీదు తీసి పైకి పట్టుకున్నారు.

"లాయరుగారు ఇది కొత్త పన్ను అన్నారు. నిన్న ఆ బ్యాడ్జీలకి కట్టిన పన్ను ఇది. కొన్నవాళ్ళే వెళ్ళి కట్టాలని పదకొండేళ్ళుగా చట్టం ఉంది. నాలుగో కౌంటరులో రసీదు పుస్తకం కూడా ఉంది. పదకొండేళ్ళలో, ఇంత ఊళ్ళో, నాది రెండో రసీదు."

లాయరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నేను కాళ్ళు కొలిచేవాణ్ణి. కూర్చున్నవాళ్ళ పాదం చిన్నగా కనబడుతుంది. నిలబెట్టి బరువు వేస్తేనే అసలు సైజు తెలిసేది. ఈ చట్టాన్ని ఇన్నేళ్ళూ కూర్చోబెట్టే ఉంచాం. పన్ను పెంచమని మేం అడగట్లేదు. ఆన్‌లైన్‌లో కొనొద్దని అనట్లేదు. బిల్లు ఎక్కడ రాస్తారో అక్కడే పన్ను తీసుకోమంటున్నాం. నేను ప్రతి జతకీ చేత్తో ఒక వరస ఎక్కువ రాస్తున్నాను. వాళ్ళ కంప్యూటరుకి ఆ వరస బరువవుతుందా?"

"టైమయిపోయింది మాస్టారూ," అంది అధ్యక్షురాలు. కానీ గడియారం వైపు చూడలేదు. హాలు వైపు చూస్తోంది. "ఒక్క మాట అడుగుతాను, అందరినీ. ఆన్‌లైన్‌లో కొని, ఆ కౌంటరుకి వెళ్ళి పన్ను కట్టినవాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

ఎవరూ కదల్లేదు. వేదిక మీద ఒకాయన మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"సంకోచం వద్దు. నేనూ కట్టలేదు. మొన్ననే గొడుగు కొన్నాను."

నవ్వులు వచ్చాయి. ఆ నవ్వుల మధ్య తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. పూర్తిగా కాదు, మోచేతి దాకా. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"మొదటి రసీదు మీదేనామ్మా?" అంది అధ్యక్షురాలు. "ఎందుకు కట్టారు?"

నర్సు లేచి నిలబడింది. మైకు దగ్గరికి రమ్మంటే రాలేదు. "బిల్లు కింద రాసుందండీ. రాశారు కదా అని వెళ్ళాను."

"అంతేనా?"

"అంతేనండీ. ఆయన దగ్గర నాకు కావలసిన వెడల్పు లేదు. ఆరు వారాలంటే ఆగలేకపోయాను, రోజంతా నిలబడే పని. పన్ను ఎగ్గొట్టడానికి కొనలేదు." ఆ మాట అంటున్నప్పుడు మాస్టారి వైపు ఒక్కసారి చూసింది. "కట్టడం కష్టం కాలేదు. కట్టడానికి తిరగడమే కష్టమైంది. డ్యూటీ దిగి రెండు పొద్దులు వెళ్ళాను. కొన్నప్పుడే తీసేసుకుని ఉంటే ఆ రెండు పూటలూ నిద్రపోయేదాన్ని."

కూర్చుంది.

డ్యూటీలు చేసేవాళ్ళ గురించి అంత చక్కగా మాట్లాడిన లాయరు అభ్యంతరం చెప్పడానికి లేవబోయి, ఆవిడ బట్టల వైపు చూసి, ఆగిపోయాడు. అభ్యంతరం దేనికి చెప్పాలో ఆయనకీ తెలిసినట్టు లేదు.

వసూలు చేయాలనే సభ్యుల్ని చేతులెత్తమన్నారు. మాస్టారు లెక్కపెట్టలేదు. తల వంచుకుని బల్ల మీది బ్యాడ్జీని చూస్తున్నారు. రంగులాయన పరుగున వచ్చి భుజాలు పట్టుకుని ఊపేస్తే గానీ తెలియలేదు.

"ఏడు మాస్టారూ. తొమ్మిదిలో ఏడు. కొంప ముంచారనుకున్నాను, నిలబెట్టేశారు."

"నేను కాదయ్యా," అన్నారు మాస్టారు. తలుపు వైపు చూశారు. ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది.

*

శనివారం పొద్దున షాపు తెరవకముందే ఆస్పత్రి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నూట నలభై జతలు. ఒక షరతు: ఈసారి సైజు చీటీలు చూసి కాదు, అందరి కాళ్ళూ కొలిచి ఇవ్వాలి.

"అది షరతా?" అంది చెల్లెలు. "వద్దన్నా ఊరుకుంటాడా ఈయన."

తర్వాత ఇంటివాళ్ళకి ఫోను చేసింది కూడా ఆవిడే. షాపు ఖాళీ చేయట్లేదని చెప్పి, గోడలు కొలిచినాయనకి తన తరఫున నమస్కారాలు చెప్పమంది.

మాస్టారు పైనున్న రెండు అరలు ఖాళీ చేశారు. నిచ్చెన దిగేముందు అరల అంచుకి కాగితం అంటించారు: అదనపు వెడల్పు. అరలు ఇంకా ఖాళీయే. కంపెనీకి ఉత్తరం పోయింది. ఇక ఎవరికీ ఆరు వారాలని చెప్పనవసరం లేదు.

సాయంత్రం గంట మోగింది. నర్సు వచ్చింది. ఒంటరిగా రాలేదు, వెనక ఇంకో ఆరుగురు, అందరూ డ్యూటీ దిగినవాళ్ళే.

"సాయంత్రం రమ్మన్నారట కదా, పొద్దున కంటే కాళ్ళు పెద్దవుతాయని," అంది వాళ్ళలో ఒకామె. "మావి పెద్దవవడమేంటండీ, మా కాళ్ళకి వేరే చిరునామా ఇవ్వాలి ఇప్పుడు."

చెల్లెలు పకపకా నవ్వి, అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. మొదటి గ్లాసు అన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నర్సుకి ఇచ్చారు. ఇస్తూ, "మంగళవారం నేనన్న మాట," అని మొదలుపెట్టారు.

"నిన్న అందరి ముందూ చెప్పారు కదండీ," అంది ఆవిడ. "చాల్లెండి."

బూట్లు తొడిగి నిలబడింది. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చింది. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్ళీ నాలుగడుగులు వేసింది. పట్టేస్తోందా అని మాస్టారు వంగి బొటనవేలితో నొక్కి చూశారు. ఎముక పక్కన తోలు మెత్తగా లోపలికి దిగింది.

"ఎంతండీ?"

ఈసారి ఆయన వద్దనలేదు. బిల్లు పుస్తకం తీసి, బూటు వదులు చేసినందుకు ఇంత, దాని మీద పన్ను ఇంత అని రెండు వరసలు రాసి చింపి ఇచ్చారు. ఆవిడ చదువుకుని, డబ్బిచ్చి, బిల్లుని పర్సులో పెట్టుకుంది.

"ఇది మూడో రసీదా?"

"కాదమ్మా. ఆ పుస్తకం మీద గుమాస్తా మళ్ళీ టీ కప్పు పెట్టుకోవచ్చు."

మిగిలిన ఆరుగురిని ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలిచారు. చెల్లెలు బ్యాడ్జీల పెట్టె అట్టనే ముక్కలుగా కోసి ఇచ్చింది. పన్నెండు పాదాల గీతలు. ఆఖరామె వెళ్ళేసరికి వీధి దీపాలు వెలిగాయి. మాస్టారు అట్టముక్కల్ని మేకుకి గుచ్చి, దీపం ఆర్పి, తలుపు దగ్గరికి వచ్చారు. వెనక గదిలో చెల్లెలు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తోంది, సూది ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. ఇంకో ఐదు నిమిషాలు పడుకోనిద్దాం అనుకున్నారు. చెయ్యి పైకెత్తి, గంట మోగకుండా గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో తలుపు మెల్లగా వేశారు.